తాలుకాయ

ఏటుకూరు రోడ్డులో కోల్డు స్టోరేజీ వెనక
పట్టా నీడన నాకు రోజంతా తొడిమలు.
సాయంత్రానికి వేళ్ళు మండిపోతాయి,
మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి కూర్చుంటాను.
అన్న జకరయ్య యార్డులో ముఠా.
వీపు మీద తేజ బస్తా, మెడ చుట్టూ తడి తువ్వాలు.
ఒక్క దుప్పటి కింద పెరిగాం,
ఒకరి తుమ్ము ఒకరం పంచుకుంటూ.

దగ్గు మాత్రం వాడొక్కడికే వచ్చింది.

ఎవరూ లెక్కచేయలేదు.
మిరపయార్డులో దగ్గనివాడెవడు?
తర్వాత మోకాళ్ళ కింద ఎర్రగా గడ్డలు లేచాయి.
ఒక మధ్యాహ్నం బస్తా దించకుండానే కూలబడ్డాడు.
పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి
కుర్ర డాక్టరు ఒక్క మాట అన్నాడు.
ఆ మాట మా ఇంట్లో పాతది.

పేతురు తాత గ్లాసు,
సత్తుది, అంచు సొట్ట,
గూట్లో విడిగా బోర్లించి ఉండేది.
ఆయన పోయాక కూడా
ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పారెయ్యలేదు.
ఆ రాత్రి అమ్మ
అన్న కంచం వేరే పెట్టింది.
నేను చూశాను. వాడూ చూశాడు.

ఆరు నెలల బిళ్ళలు.
ఉచ్చ ఎర్రగా వస్తోందని ముందు హడలి, తర్వాత నవ్వుకుని,
కేలండరులో సున్నాలు చుట్టి చుట్టి
ఏడో నెల మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే
మచ్చలు ఎక్కడివక్కడే.
పైగా రెండు కొత్తవి.

అప్పుడు దొరికింది సౌదామిని డాక్టరమ్మ.
ముక్కులోంచి గొట్టం పంపి
నూకగింజంత ముక్క తెచ్చింది.
మైక్రోస్కోపులో నాకూ చూపించింది:
గులాబీరంగు పొలంలో
భుజం భుజం ఆనించి దడి కట్టిన కణాలు.
"కావలివాళ్ళమ్మా ఇవి.
పురుగు దూరితే చుట్టూ చేరి గోడ కడతాయి.
క్షయ అయితే గోడ లోపల కుళ్ళుంటుంది, పురుగుంటుంది.
మీ అన్నది చూడు, లోపల ఎవరూ లేరు."

ఖాళీ జైలు.
కాపలా మాత్రం గట్టిది.

సార్కాయిడోసిస్ అంది.
అమ్మకి నోరు తిరగలేదు,
సర్కారు జబ్బు అనుకుంది, ఇప్పటికీ అదే అంటుంది.

దుమ్ము అందరిదీ కదమ్మా, వీడికే ఎందుకు?
పూర్తిగా ఎవరికీ తెలీదంది.
నెత్తుట్లో అక్షరాలుంటాయట,
ఎవడు పరాయివాడో ఒంటికి చెప్పేవి.
కొన్ని ఇళ్ళల్లో ఆ అక్షరాలకి అనుమానం ఎక్కువట.
చెంచాడు నెత్తురు అడిగింది,
నాదీ, అమ్మదీ. ఇచ్చాం.

నాలుగు నెలలకి కాగితం వచ్చింది.
అన్నలో ఉన్న అక్షరం నాలోనూ ఉంది.
అమ్మలో లేదు.
అంటే నాన్న. బహుశా ఆయన వెనక తాత.
నా ఎక్స్‌రే మాత్రం నల్లగా, శుభ్రంగా.
"మరి నాకెందుకు రాలేదు?"
డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది.
"ఉన్నంత మాత్రాన రావాలని లేదు.
లేనివాళ్ళకీ వస్తుంది."

ఆ మాట తెచ్చుకుని
తొడిమలతో పాటు వారం రోజులు తుంచాను.
ఒకే చేను, ఒకే కోత, ఒకే కళ్ళంలో ఎండ.
బస్తా కుమ్మరిస్తే
ఎర్రకాయల నడుమ తెల్లగా ఒక తాలుకాయ.
పక్కకి విసరమంటాడు మేస్త్రి.
ఇరవై ఏళ్ళుగా విసురుతున్నాను,
ఇదెందుకు తాలైందని ఒక్కసారీ అడగలేదు.

అన్న ముఖం మందులకి ఉబ్బి గుండ్రమైంది.
షుగరొచ్చింది. బస్తాలు మోయడు,
కాటా దగ్గర చీటీలు రాస్తాడు.
దగ్గు తగ్గింది, పోలేదు.

నిన్న అమ్మ గూట్లోంచి సత్తు గ్లాసు తీసింది.
తాతకి ఉన్నదేదో ఇక ఎవరూ తేల్చలేరు,
మట్టికి ఎక్స్‌రే తీయరు.
బూడిదతో తోమి, టీ పోసి అన్నకిచ్చింది.
వాడు సగం తాగి నా వైపు జరిపాడు.
సొట్ట అంచు పెదవికి గరుగ్గా తగిలింది.
తాగాను.

నాకో గుక్క అంటూ
నా కూతురు శలోమి చెయ్యి చాపింది.
ఇచ్చాననుకోండి,
కానీ ఒక్క క్షణం ఆగాను.

ఆ ఆగడం కూడా మా ఇంట్లో పాతదే.